మేయరు పేరు లేని బ్యాలెట్

హాంకాంగ్‌లో ఇళ్లపనికి కుదిరి ఇరవై ఆరేళ్లయినా నెనీతా తన దేశం ఎన్నికల్లో ఒక్కసారీ ఓటు వేయలేదు. అక్కడి తమ కాన్సులేట్‌లో నెల్లాళ్లపాటు ఓటింగ్ పెట్టినా ఆమెకు దొరికేది వారానికొక్క ఆదివారం. దాన్ని క్యూలో నిలబడి తగలెయ్యడం ఆమెకు ఇష్టముండేది కాదు.

ఈసారి మాత్రం పట్టుబట్టి వచ్చింది, వాళ్ల ఊరి మేయరు మీద కసితో. రెండుసార్లు గెలిచాడు, రెండుసార్లూ ఏటి మీద వంతెన కడతానన్నాడు. వానాకాలంలో ఆమె తమ్ముడు రూఫో ఇప్పటికీ పిల్లల్ని భుజాలకెత్తుకుని, నడుములోతు నీళ్లలో నడిచి బడికి దాటిస్తున్నాడు.

కూడా వచ్చిన డెల్ఫా అదే ఊరి పిల్ల. అధ్యక్షుడి విషయంలో ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. క్యూలో పోట్లాడుకుంటే పరువు పోతుందని, సాయంత్రం దాకా ఆ పేర్లెత్తకూడదని పొద్దున్నే ఒట్టేసుకున్నారు. దాంతో గొడుగుల కింద మూడు గంటలూ మేయరునే తిట్టుకుంటూ గడిపారు. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా తమ తమ మేయర్లను తెచ్చి అందులో కలిపారు.

లోపల నెనీతా పాస్‌పోర్టు చూపించి, తువ్వాలంత పొడుగున్న బ్యాలెట్ తీసుకుని కూర్చుంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, పన్నెండు మంది సెనేటర్లు, పార్టీల జాబితా. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. మేయరు పేరు ఎక్కడా లేదు. చెయ్యెత్తి అధికారిని పిలిచి అడిగింది. విదేశాల్లో ఉన్నవాళ్లకు దేశం మొత్తానికి సంబంధించిన పదవులే ఉంటాయని, ఊరి పదవులకు ఊళ్లో ఉన్నవాళ్లే వేయాలని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

"మరి మా వంతెన సంగతేంటయ్యా?" అంది నెనీతా.

పక్క బల్లలవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె కూడా నవ్వేసి, వచ్చిన పని వచ్చినట్టు చేద్దామని, తనకు నచ్చిన పేర్ల పక్కనున్న సున్నాలను గీత దాటకుండా నింపింది. వేలి మీద పడ్డ సిరా చెరిగిపోకుండా ఆరేదాకా ఊదుకుంది.

బయటికొచ్చాక డెల్ఫాను నిలదీసింది. డెల్ఫా కిందటిసారి కూడా ఓటు వేసిన మనిషి.

"బ్యాలెట్‌లో మేయరు ఉండడని నీకు ముందే తెలుసు కదే?"

"తెలుసక్కా. చెబితే నువ్వొస్తావా?"

"నా ఓటు నీ ఓటును కొట్టేసిందే, పిచ్చిదానా."

"పోతే పోనీ. యాభై ఏళ్లు దాటాయి నీకు, ఒక్కసారైనా వెయ్యాలని తీసుకొచ్చా."

నెనీతా ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. రోడ్డు దాటే నడకవంతెన కింద నీడలో అట్టముక్కలు పరుచుకున్న తమ ఊరివాళ్ల దగ్గరికి వెళ్లి, సేమ్యా రెండు ముద్దలు తిని, రూఫోకి వీడియో కాల్ చేసింది. మేయరు మనుషులు ఇంటికో బియ్యం బస్తా దించి వెళ్లారని, పుచ్చుకున్నాక ఆయనకు వెయ్యకపోతే పాపం తగులుతుందేమోనని రూఫో నసిగాడు.

"బియ్యం వండుకు తినండిరా. తిన్నందుకు ఓటెయ్యాలని ఏ పాదిరీ చెప్పాడు? ఈ వానాకాలం కూడా పిల్లల్ని నువ్వే మొయ్యాలనుంటే నీ ఇష్టం."

రూఫో భార్య వెనక నుంచి ఫోన్ లాక్కుని, ఇంట్లో ఆరు ఓట్లకు తనది పూచీ అంది. అది విని అట్టల మీదున్న మిగతా ఆడవాళ్లు కూడా ఊళ్లోని తమవాళ్లకు ఫోన్లు కలిపారు. ఊళ్లో ఎవరికో అక్కలు, ఎవరికో మేనత్తలు, కోడళ్లు, నెనీతాతో కలిపి మొత్తం పందొమ్మిది మంది. తర్వాతి ఆదివారాలన్నీ వాళ్లకు అదే పని. పేకాట కూడా మానేశారు.

మేయరు ఓడిపోలేదు. కానీ కిందటిసారి రెండువేల పైచిలుకుతో గెలిచినవాడు ఈసారి నలభై ఒక్క ఓట్లతో బయటపడ్డాడు. అధ్యక్షుడి విషయంలో డెల్ఫా మనిషి గెలిచాడు. వారం రోజులు ఆమె ఎంత రెచ్చగొట్టినా నెనీతా పళ్లు బిగపట్టి ఊరుకుంది.

జూన్‌లో ఒక బుధవారం, యజమానురాలి అత్తగారికి స్నానం చేయిస్తుండగా రూఫో ఫోన్ చేశాడు. మేయరుగారి మనిషి వచ్చి తన ఇంట్లో కూర్చున్నాడని, వంతెన ఎక్కడ వెయ్యాలో అక్కతో మాట్లాడాలంటున్నాడని గుసగుసగా చెప్పాడు.

నెనీతా సబ్బు చేత్తోనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆదివారం చెయ్యమను. ఆ రోజు పందొమ్మిది మందిమీ ఒకచోటే ఉంటాం."