ఐదో ఆసుపత్రి

"పంపావా?"

గుమ్మంలో అక్క! పిల్లల ఐసీయూ డాక్టరైన తమ్ముడు ఉలిక్కిపడి ల్యాప్‌టాప్ మూసేశాడు.

"నెట్ లేదక్కా."

"మరి ఇందాక నాకు గుడ్ మార్నింగ్ పువ్వు ఎలా వచ్చిందిరా?"

దొరికిపోయాడు.

ఆరు ఆసుపత్రుల పిల్లల ఐసీయూల వివరాలు కలిపి, ఎలాంటి వైద్యంతో పిల్లలు త్వరగా కోలుకుంటున్నారో తేల్చే పరిశోధన అది. నడిపేది పెద్దాసుపత్రిలో డాక్టరైన బావ. లెక్కలు కట్టేది అక్క. అన్ని ఫైళ్లూ వచ్చాయి, తమ్ముడిది తప్ప.

"అందరూ చేతులెత్తేశాకే మా దగ్గరికి తెస్తారక్కా. అందుకే పోయేవాళ్లు మా వార్డులోనే ఎక్కువ. ఆ అంకె బయటపడితే ఇక మా గడప ఎవరు తొక్కుతారు? పైగా మీ ఆయనగారొకరున్నారుగా! మంచాల పక్కన అమ్మల్ని కూర్చోబెడితేనే 'నీది వార్డా, సంతా' అంటాడు బావ."

"పిల్లల పేర్లు తీసేస్తాం. ఆసుపత్రులకీ నంబర్లే, నీది ఐదు. ఏది ఎవరిదో మీ బావక్కూడా తెలీదు. చేరేటప్పటికి పిల్లల పరిస్థితి ఎంత విషమంగా ఉందో అదీ లెక్కలోకి తీసుకుంటాను. నొక్కరా పిరికి సన్నాసీ!"

కళ్లు మూసుకుని నొక్కాడు.

ఆ తర్వాతి నెలలో సమావేశం. తెర మీద మొదటి గ్రాఫు పడేసరికే తమ్ముడి చొక్కా తడిసిపోయింది. మరణాలు! అయితే జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకుంటే ఐదో ఆసుపత్రి మిగతావాటికి ఏమాత్రం తీసిపోలేదు. హమ్మయ్య అనుకునేలోగా రెండో గ్రాఫు పడింది. ఊపిరి యంత్రం నుంచి పిల్లలు అందరికంటే త్వరగా బయటపడుతున్నది ఐదో ఆసుపత్రిలోనే. నిద్రమందు వాడకం కూడా అక్కడే తక్కువ.

బావ లేచి నిలబడ్డాడు.

"ఎవరిదండీ ఈ ఐదో ఆసుపత్రి? చెప్పమని బలవంతం లేదు. కానీ పిలిస్తే రెక్కలు కట్టుకుని వచ్చి చూస్తాను."

అక్క నవ్వు ఆపుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తమ్ముడి చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"నాదే బావా."

"నీదా!"

"అమ్మ చెయ్యి పట్టుకుని పక్కనే ఉంటే పిల్లలు బెదిరి ఊపిరి గొట్టం పీక్కోరు. నిద్రమందు తగ్గించొచ్చు. అందుకే సొంతంగా ఊపిరి తీసుకోవడం త్వరగా మొదలుపెడుతున్నారని మా అనుమానం."

"అనుమానం సరిపోదోయ్. మా వార్డులోనూ చేసి చూసి తేల్చాలి." బావ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఆ అమ్మలకి కుర్చీలెక్కడ కొన్నావు?"

"సంతలో," అంది అక్క.