క్రిమి చచ్చాక వచ్చిన నొప్పి

మా ఆయన ఆదిశేషయ్యంత మొండిఘటం మంగళగిరి మగ్గాల వీధిలో ఇంకొకడు లేడు. నలభై ఏళ్ళుగా తిడుతున్నాను, మారితేనా.

2002 వేసవి. తెల్లవారగానే మరిది వరసయ్యే వెంకటసుబ్బారావు పడుగు, అదే మగ్గానికెక్కే నిలువు పోగులు, వీధి పొడవునా చాపాం. పడుగుకు కొంచెం కొంచెంగా గంజి పట్టిస్తూ, ఆరేలోపు కుంచెలతో దువ్వాలి. మధ్యలో ఆపితే పోగులన్నీ అంటుకుపోయి నూలంతా పాడవుతుంది. అందుకే ఒకరి పడుగుకు వీధంతా సాయం పడతాం. సగంలో వదిలి వెళ్ళడం కంటే తలవంపులు లేవు.

నాలుగో దువ్వుకే ఆయన కుంచె మీదకి వంగిపోయాడు. అరవై ఆరేళ్ళ మనిషి. ముఖం నిండా చెమట.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఏం లేదే. అదే కడుపులో మంట. సోడా తాగితే పోద్ది."

అదే మంటట. కడుపులో ఏదో క్రిమి చేరి పుండు చేసిందని బెజవాడ డాక్టరు రెండు వారాలు గుప్పెళ్ళకొద్దీ మాత్రలు మింగించాడు. నెలన్నర ఆగి, ముందురోజే మళ్ళీ గొట్టం వేసి చూసి, క్రిమి చచ్చింది, పుండు మానింది అన్నాడు. "ఈ వయసులో ఈ క్రిమి ఉన్నవాళ్ళకి గుండె రక్తనాళాలు కూడా పూడుకుంటాయని కొందరంటున్నారు. ఇంకా తేలలేదనుకోండి. నొప్పి ఉందంటే మాత్రం గుండె కూడా చూద్దాం" అని కూడా అన్నాడు. మా ఆయన నవ్వి, "లేదండి, పూర్తిగా పోయిందండి" అన్నాడు.

అది గుర్తొచ్చి ఆయన చేతిలోని కుంచె పట్టుకు లాగాను.

"క్రిమి చచ్చిందన్నారుగా. మరి ఈ మంట ఎక్కణ్ణించొచ్చింది? కుంచె దించు, ఆస్పత్రికి పోదాం."

"పడుగు సగం తడిగా ఉందే. సుబ్బారావుకి ఏం మొహం చూపిస్తాను? అరగంటలో అయిపోద్ది."

ఎడమ చెయ్యి వేలాడేసి కుడిచేత్తో దువ్వుతున్నాడు. పెదవులు తెల్లబడ్డాయి. బతిమాలాను, కసిరాను. వినలేదు. ఇక ఆలోచించలేదు. గంజి తపేలా ఎత్తి మట్టిలో బోర్లించేశాను.

వీధి వీధంతా నిలబడిపోయింది. వెంకటసుబ్బారావు నా వంక చూశాడు, పడుగు వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు. "పోతే పోయిందిలే వదినా. అన్నయ్యని పట్టుకో" అంటూ ఆటో కోసం పరిగెత్తాడు.

బెజవాడ వెళ్తుంటే కృష్ణ బ్యారేజీ మీద లారీ ఆగిపోయి ఆటో కదల్లేదు. ఆయన తల నా ఒళ్ళో ఉంది. దేవుణ్ణి, లారీవాణ్ణి, ఆయన్ని కలిపి తిట్టాను. ఊపిరి ఉందో లేదోనని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి పెట్టి చూశాను. నాకంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"గుండె రక్తనాళం పూడుకుపోయిందమ్మా" అన్నారు ఆస్పత్రిలో డాక్టరు రాజ్యశ్రీగారు. "కరిగించే మందు ఎక్కించాలి. కడుపులో పుండు ఉంటే మాత్రం రక్తం కక్కుకుంటారు."

నిన్నటి డాక్టరుకు ఫోను చేసి, పుండు మానిందని రూఢి చేసుకున్నాకే ఎక్కించారు. మధ్యాహ్నానికి గండం గడిచిందన్నారు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?" అని ఆయన్ని అడిగారు.

ఆయన నావైపు చూడలేదు. "మూణ్ణెల్లనుంచి వస్తానే ఉందండి. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు. ఆ మాత్రలకి తగ్గలేదండి."

"మరి నిన్న తగ్గిందని ఎందుకు చెప్పారు?"

"మా ఆవిడ పక్కనే ఉందండి. ఇన్ని మందులు మింగి కూడా తగ్గలేదంటే, ఇంటికెళ్ళాక తిడుద్దని."

నర్సు నవ్వింది. రాజ్యశ్రీగారు నవ్వలేదు. నావైపు తిరిగి, "ఇకమీదట ఏ కాస్త నొప్పి వచ్చినా ఆయన వెంటనే మీకు చెప్పాలి. చెప్తారు కదమ్మా?" అన్నారు.

నేను ఆయన వైపు తిరిగి, "ఇక తిట్టనులే, చెప్పు" అన్నాను.