గెదెయోన్ కుడికాలి బూటు

1968 అక్టోబరు 13, ఆదివారం, ఉదయం పదీ ఇరవై. సన్నని వాన తెరిపి లేకుండా పడుతోంది. బడి గోడకున్న ఉష్ణమాపకం ఏడు డిగ్రీలు చూపుతోంది. గాలి బొత్తిగా లేదు. గాలి లేకపోవడం ముఖ్యమైన విషయం. గాలి ఉండి ఉంటే వాన ఏటవాలుగా కొట్టి, చర్చిలో పురుషుల వైపు కూడా కారేది. అప్పుడు ఈ కథ జరిగేదే కాదు.

మా సిల్వాష్ ఊరి చర్చిలో ఎడమవైపు స్త్రీలు, కుడివైపు పురుషులు కూర్చుంటారు. కప్పు ఎడమవైపే కారేది. చర్చి వ్యవహారాలు నడిపే పెద్దల సభలో ఉన్నవారందరూ పురుషులు. అందరూ కుడివైపే కూర్చునేవారు. కాబట్టి కప్పు కారుతోందన్న మాటను వారు నమ్మేవారు గాని, ఆ తడి వారికి తగిలేది కాదు. ఆ ఏడాది పంట కానుకలతో గోపురం మీది నక్షత్రానికి కొత్తగా బంగారు పూత వేయించాలని వారు తీర్మానించడానికి కారణం దుర్మార్గం కాదు, పొడి బట్టలు.

ఆ వేసవిలో పెద్దల సభలో ఒక కుర్చీ ఖాళీ అయింది. దానిలో ఇరవై ఏళ్లు కూర్చున్న ఆరోన్ చనిపోయాడు. ఆరోన్ పేరున జరిగిన పనులన్నీ, అంటే రోగుల పరామర్శ, ముసలివారికి చలికాలపు కట్టెలు, కప్పు గురించి ఏటేటా గుర్తుచేయడం, నిజానికి ఆయన భార్య లీదియా చేసినవే. ఆరోన్ వాటిని సభలో తన గొంతుతో చెప్పేవాడు. ఇప్పుడు ఆ గొంతు లేదు.

ఆ ఉదయం ఆరాధన ముగిశాక సంఘ సమావేశంలో లీదియా లేచి నిలబడింది. ఆమె భుజం మీది నల్ల శాలువా తడిసి ఉంది.

"ఆరోన్ కుర్చీ ఖాళీగా ఉంది కదా, నన్ను కూర్చోబెట్టండి. నక్షత్రం ఆగుతుంది. కప్పు ఆగదు."

పెద్దల సభకు అధ్యక్షుడు గెదెయోన్, ఆరోన్ తమ్ముడే. "కూర్చో వదినా, ముందు నీ చోట కూర్చో. సంఘంలో ఆడవాళ్లు నోరెత్తకూడదని పౌలు రాశాడు. ఏదైనా తెలుసుకోవాలంటే ఇంటికెళ్లి మొగుణ్ణి అడగమన్నాడు. ఇది నా మాట కాదు, బైబిలు మాట."

"ఆడవాళ్ల గురించి బైబిలు ఇంకేమీ చెప్పలేదా మరిదీ?"

"ఇది చాలదా?"

"సరే, చాలు," అని లీదియా కూర్చుంది. ఆమె అంత తేలికగా సరే అనడం గెదెయోన్‌ను కలవరపెట్టవలసింది. పెట్టలేదు.

ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్లలో సగం మంది లీదియా వంటింట్లో చేరారు. నేను అప్పుడు ఆ ఊరి బడిలో చరిత్ర చెప్పేదాన్ని, నన్నూ పిలిచారు. లీదియా బైబిలు తెరిచి బల్ల మీద పెట్టింది.

"మా మరిది చూపించిన మాటలో సగం నోరు మూసుకోమంటోంది. మిగతా సగం ఇంట్లో మొగుణ్ణి అడగమంటోంది. మనం రెండూ చేద్దాం. ఏమీ వదలొద్దు."

మొదటి సగం మరుసటి ఆదివారం జరిగింది. ఆర్గన్ మోగింది. మా చర్చిలో కీర్తనను ముందుకు నడిపేది స్త్రీలు. పురుషులు ఒక్క క్షణం వెనగ్గా ఆ గొంతుల మీద ఆనుకొని పాడతారు. ఆనుకోవడానికి ఏమీ లేకపోయేసరికి మొదటి చరణంలోనే కూలిపోయారు. ముందు బల్లవాళ్లు పైశ్రుతికి పోయారు, వెనక బల్లవాళ్లు అసలు వేరే కీర్తనలోకి పోయారు. గెదెయోన్ ఒంటరిగా చివరిదాకా పాడాడు. ధైర్యం మెచ్చుకోవలసిందే, పాట కాదు. ఆడవాళ్లు కీర్తనల పుస్తకాలు తెరిచి, భక్తిగా, నోళ్లు మూసుకొని నిలబడ్డారు.

రెండో సగం మధ్యాహ్న భోజనాల దగ్గర మొదలైంది. గెదెయోన్ ఇంట్లో ఏం జరిగిందో ఆయన భార్య ఎస్తేరే నాకు చెప్పింది.

"ఏమయ్యా, దెబోరా అనే ఆవిడ ఇశ్రాయేలు వాళ్లందరికీ తీర్పులు చెప్పిందట కదా. సేనాపతి కూడా నువ్వు రాకపోతే యుద్ధానికి పోనన్నాడట. ఆవిడ్ని పౌలు నోరు మూసుకోమనలేదేం?"

"పౌలు అప్పటికి పుట్టలేదే. సూప్ పొయ్యి."

"పౌలు పుట్టలేదు సరే, దేవుడున్నాడు కదా. ఆయనకి తెలియదా?"

"సూప్ పొయ్యమన్నాను."

"చెప్పాక పోస్తాను. చల్లారిపోతోంది, త్వరగా చెప్పు."

పక్కింట్లో జుజన్నా తన భర్తను పట్టుకుంది. బైబిల్లో ఒకచోట, దేవాలయంలో పాత గ్రంథం దొరికినప్పుడు, అది దేవుడి మాటేనా అని తేల్చుకోవడానికి రాజు తన పెద్ద పూజారినీ మంత్రులనూ హుల్దా అనే స్త్రీ దగ్గరికి పంపాడు. "ఆవిడ మొగుడు రాజుగారి బట్టల గదికి కాపలాదారట," అంది జుజన్నా. "ఆయన్నెందుకు అడగలేదు?"

భర్తలకు తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం కంటే తెలుసుకోవడమే గౌరవమనిపించింది. ఫలితంగా, అంతవరకు ఇద్దరు ముసలమ్మలు తప్ప ఎవరూ రాని బుధవారపు బైబిలు పాఠానికి పురుషులు బల్లలు చాలనంత మంది వచ్చారు. మా చర్చి పాస్టరు కెలెమెన్ అయ్యగారు మొదట దీన్ని ఆత్మీయ ఉజ్జీవమనుకున్నారు.

లీదియాకు భర్త లేడు. ఆమె గురువారం గెదెయోన్ తలుపు తట్టింది.

"నేనెవర్ని అడగాలి మరిదీ?"

"అయ్యగారిని అడుగు వదినా."

"పౌలు అయ్యగారిని అడగమనలేదు. బైబిల్లోనే ధర్మశాస్త్రం చూశాను. అన్న పోతే వదినను చేసుకుని అన్న ఇల్లు నిలబెట్టాల్సింది తమ్ముడట."

పొయ్యి దగ్గర్నుంచి ఎస్తేరు వెనక్కి తిరిగింది. "పెళ్లి మాటైతే ఇవాళే తీసుకుపో అక్కా. గురకకి మాత్రం నాది పూచీ కాదు."

"నాకీ వయసులో పెళ్లెందుకే? ఆరోన్ కుర్చీ నిలబెడితే చాలు."

"అది కుదరదు వదినా," అన్నాడు గెదెయోన్.

"కుదరదన్నవాణ్ణి ఏం చెయ్యాలో కూడా రాసుంది," అని లీదియా వెళ్లిపోయింది.

గెదెయోన్ టోపీ కూడా పెట్టుకోకుండా అయ్యగారి ఇంటికి పరిగెత్తాడు. అయ్యగారు ద్వితీయోపదేశకాండం తీసి చూపించారు: ఆ విధవరాలు పెద్దల ఎదుట అతని కాలి చెప్పు ఊడదీయాలి, ముఖాన ఉమ్మి వేయాలి.

"ఉమ్మా?"

"ఉమ్మే."

"ఏ కాలి చెప్పు, అయ్యగారూ?"

"రాయలేదు."

అక్టోబరు 27న గెదెయోన్ రెండు బూట్ల తాళ్లకూ జంట ముడులు వేసుకొని వచ్చాడు. ఆ రోజు కూడా గాలి లేని వాన. పురుషుల కీర్తన ఎలాగో ముగిసింది. అప్పుడు లీదియా లేచి, నడవ దాటి, పెద్దల బల్ల ముందు మోకరించి, నిదానంగా, ఒక్క మాట లేకుండా ఆయన కుడి బూటు ముడులు విప్పసాగింది. గెదెయోన్ కాలు వెనక్కి లాక్కోవచ్చు. కాని బైబిలు మాట అని సంఘం ముందు అన్నవాడు ఆయనే. ఆ సంఘమే ఇప్పుడు చూస్తోంది. కాలు కదలలేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు, రెండో శిక్ష కోసం.

అది రాలేదు. లీదియా బూటు పట్టుకొని తన చోటికి వెళ్లి, కప్పు కారే చోట సరిగ్గా కింద దాన్ని నిలబెట్టింది.

టప్. టప్. తోలు మీద పడే చుక్క చప్పుడు ప్రసంగం పొడుగునా వినిపించింది. అయ్యగారు సహనం గురించి చెబుతున్నారు.

ఆశీర్వాదం అయ్యాక గెదెయోన్ కుడికాలికి ఒట్టి మేజోడుతో నడవ దాటాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎడమవైపుకు రావడం అదే మొదటిసారి. బూటు సగం నిండింది. దాన్ని వంచి నీళ్లు పారబోయడానికి లీదియా చోట కూర్చోక తప్పలేదు. కూర్చోగానే ఒక చుక్క నుదుటి మీద పడి, ముక్కు వెంట జారి, మీసంలో ఆగింది.

"ఇంతలా కారుతోందా?"

ఎవరూ పలకలేదు.

"అడుగుతున్నాను కదా, చెప్పరేం?"

ఎస్తేరు చేతిలోని బైబిలు పైకెత్తి చూపించింది. రెండో చుక్క పడింది.

"బాబ్బాబు, మాట్లాడు వదినా! నేనే సెలవిస్తున్నాను, మాట్లాడు!"

"ఉమ్మి నేను వెయ్యలేదు మరిదీ," అంది లీదియా. "అది పైనుంచి వచ్చింది."

ముందు నవ్వింది కుడివైపువాళ్లు. ఆ తర్వాత పాడిన ముగింపు కీర్తనలో పురుషులు, ఎప్పటిలాగే, ఒక్క క్షణం వెనకబడ్డారు.

లీదియాను క్రిస్మస్‌లోపు ఆరోన్ కుర్చీకి ఎన్నుకున్నారు. మరుసటి వేసవిలో కప్పు మీది చెక్క పెంకులన్నీ మార్చారు. గోపురం మీది నక్షత్రానికి బంగారు పూత 1979లో వేశారు. ఆ తీర్మానాన్ని సభలో ప్రవేశపెట్టింది లీదియా.