పక్కవాళ్ళ తువ్వాలు

మా ఆయన స్నానం చేసి వచ్చి తడి తువ్వాలు మంచం మీద వేస్తారు. నా వైపు. ఆయన వైపు వేసుకుంటే పక్క తడుస్తుంది కదా మరి. పెళ్ళయిన కొత్తలో రెండు మూడుసార్లు చెప్పాను, తరవాత కొన్నాళ్ళు అలిగాను, ఆ తరవాత మాట్లాడకుండా తీసి ఆరేయడం మొదలుపెట్టాను. పంతొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు గదిలో అడుగుపెడితే కళ్ళకంటే ముందు చెయ్యే మంచం వైపు పోతుంది. ఇంట్లో ఆరు తువ్వాళ్ళున్నాయి. ఏది ఎవరిదో, ఏది ఎప్పుడు కొన్నదో నాకొక్కదానికే తెలుసు. ఆ నీలం దానికి అంచు ఊడిపోతే, నీలం దారం దొరక్క, తెల్లదారంతోనే కుట్టేశాను. ఆయన గమనించలేదు. ఒళ్ళు తుడుచుకునేవాళ్ళు అంచు చూడరు.

మా ఆయన చెడ్డవారు కాదు. ఆయన గురించి ఏం చెప్పబోయినా ముందు ఈ మాట చెప్పుకోవడం నాకు అలవాటు. తిట్టరు, కొట్టరు, జీతం దాచుకోరు. అన్నీ ఎక్కడివక్కడ వదిలేస్తారు, అంతే. నేను సర్దుతాను. సర్దినవి దొరక్కపోతే మాత్రం ఇల్లెగిరిపోతుంది. "నా వస్తువులు ఎవరు సర్దమన్నారు నిన్ను?" అంటారు. నిజమే, ఎవరూ సర్దమనలేదు. సర్దకపోతే, "ఇల్లేనా ఇది?" అంటారు. ఈ రెండు మాటల మధ్య నేను తిరుగుతూ ఉంటాను. మా అత్తగారు నాకు 'బొంగరం' అని పేరు పెట్టారు. "బొంగరానికి కూర్చోవడం రాదమ్మా, ఆగితే పడిపోతుంది" అని చుట్టాలందరికీ నవ్వుతూ చెబుతారు. మెచ్చుకోలే అనుకుని నేనూ నవ్వేదాన్ని.

అసలిదంతా మా అమ్మాయి ఈత క్లాసులో మొదలైంది. కొలను ఒడ్డున పొడవాటి బల్ల. దాని మీద తల్లులం వరసగా, ఒళ్ళో ఒక్కో తువ్వాలు పెట్టుకుని, పిల్లలు ఎప్పుడు బయటికొస్తారా అని కూర్చునేవాళ్ళం. ఈత నేర్పే ఆవిడ మెడలో ఎప్పుడూ విజిల్ ఉండేది, పిల్లలు విజిల్ మేడం అనేవారు. ఓరోజు ఆవిడ నా ముందు ఆగి, "రెండేళ్ళుగా చూస్తున్నా, ఆ తువ్వాలు పట్టుకునే కూర్చుంటున్నారు. ఓసారి దిగకూడదూ?" అంది. నలభై ఒకటో ఏట దిగాను. మొదటి వారం ముక్కులోకీ చెవుల్లోకీ నీళ్ళే. ఆరో వారంలో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళాను. నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరు పిలిచినా వినపడదు. ఆ ఒక్క సుఖం కోసమే మళ్ళీ మళ్ళీ దిగాననుకుంటాను.

నేను కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాను. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దం మారుస్తూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని రోజంతా అడుగుతాను. ముగ్గురం చేస్తాం ఆ పని. కానీ సాయంత్రం టీ కప్పులు కడిగేది మాత్రం నేనే. "మేడం కడిగితే మరక ఉండదండీ" అంటాడు యజమాని, పెద్ద బిరుదు ఇచ్చినట్టు. ఈత తరవాత సైకిలూ పరుగూ కూడా మరిగి, మూడూ కలిసిన ట్రయాథ్లాన్ పోటీకని ఒక్క శనివారం సెలవడిగితే, "ఈ వయసులో మోకాళ్ళు జాగ్రత్త" అని, ఆ శనివారం కప్పులెవరు కడుగుతారన్నది కూడా అడిగాడు. సరదాకే అడిగాడట.

పోటీ అంటే ముందు సరస్సులో రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత. ఒడ్డుకొచ్చి బట్టలు సవరించుకుని తొంభై కిలోమీటర్ల సైకిలు. అది దిగి బూట్లు మార్చుకుని ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. ఒక్క నిమిషం దాటినా పేరుండదు. ఆదివారాలు తెల్లవారుతూనే రోడ్డెక్కేదాన్ని. మిగతా రోజుల్లో వాషింగ్ మెషీను పక్కనే సైకిలును కదలని స్టాండుకి బిగించి తొక్కేదాన్ని. ఆ చక్రం మీద ఎంత దూరం పోయినా ఇంట్లోనే ఉంటాం కాబట్టి అందరికీ అందుబాటులోనే ఉండేదాన్ని. "నా గీతల చొక్కా ఏదీ?" "రెండో అరలో, ఎడమ పక్క!" "అమ్మా, నా జామెట్రీ బాక్సు?" "ఫ్రిజ్ మీద!" ఊపిరందక వగరుస్తూనే జవాబులు చెప్పేదాన్ని.

భోజనాల దగ్గర విషయం చెప్పినప్పుడు మా అత్తగారు అడిగారు. "అయితే ఈత కొట్టి, సైకిలు తొక్కి, పరిగెత్తి, ఇంతకీ ఎక్కడికి చేరతావు?"

"బయలుదేరిన చోటికే అత్తయ్యా."

"దానికంత తిరగడమెందుకే? ఇక్కడే ఉన్నావుగా!"

నాకూ నవ్వొచ్చింది. మా ఆయన నవ్వలేదు. "సరే, వెళ్దాం. నేనే కారులో తీసుకెళ్తా. కానీ ఒక మాట. పూర్తి చెయ్యలేకపోయావనుకో, ఈ పిచ్చి అక్కడితో ఆపెయ్యాలి. సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దాం. ఆదివారం ఆదివారం పొద్దున్నే ఇల్లు బోసిపోతోంది" అన్నారు. బోసిపోతోందంటే కాఫీ లేదని. నేను "ఊఁ" అన్నాను.

సరస్సు దగ్గరి హోటల్లో దిగాం. అమ్మాయీ అత్తయ్యా ఇంట్లోనే ఉండిపోయారు. గదిలో వాళ్ళు పెట్టిన తువ్వాళ్ళూ నీలంవే. ఆయనకు పరాయి తువ్వాలు పడదని నేను ఇంటి నుంచి మా నీలందాన్నే తెచ్చాను.

ఉదయం ఆరున్నరకు బూర ఊదారు. ఈత నేననుకున్నదానికంటే బాగా సాగింది. యాభై నాలుగు నిమిషాల్లో ఒడ్డెక్కి, సైకిళ్ళు వేలాడదీసిన ఆవరణలోకి పరిగెత్తాను. ఒక్కో ఇనుప కమ్మీకి ఎనిమిది సైకిళ్ళు. ఒక్కో సైకిలు కింద ఒక్కొక్కరి సామాను. నా ప్రాణమంతా ఆ ఆవరణలోనే ఉంది. బట్టలు మార్చడం, పని మార్చడం, ఊపిరి తీసుకోకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకడం, ఇవి నాకెవరూ నేర్పక్కర్లేదు. రెండు నిమిషాలు కాకముందే హెల్మెట్ పెట్టుకుని, బూట్లు బిగించి, సైకిలు దింపాను.

అప్పుడు కనపడింది. పక్క సైకిలు కింద ఒక తడి తువ్వాలు. బురదలో ఉండలా పడి ఉంది. దాని పక్కన పరుగు బూట్లు ఒకటి ఇటు, ఒకటి అటు. తలకిందులుగా పెట్టిన టోపీ.

ఒట్టు, నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేదాన్నే కాదు. సైకిలు కమ్మీకి ఆనించి, తువ్వాలు తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి కమ్మీ మీద వేశాను. బూట్లు జత చేశాను. టోపీ తిప్పి వాటి మీద పెట్టాను.

"ఏయ్! ఎవరు సర్దమన్నారు మిమ్మల్ని?"

వెనక్కి తిరిగాను. సైకిలు యజమాని. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. గడ్డం కూడా సరిగా రాని కుర్రాడు. నా చెవుల్లో మాత్రం పంతొమ్మిదేళ్ళుగా వింటున్న గొంతు పలికింది. ఎర్ర టోపీ రిఫరీ అప్పటికే వచ్చేసింది. "పక్కవాళ్ళ వస్తువులు ముట్టుకోకూడదు, నియమాల్లో రాసి ఉంది. ఐదు నిమిషాల శిక్ష. సైకిలు దిగాక ఆ గుడారంలో కూర్చుని వెళ్ళాలి" అంటూ నా నంబరు రాసుకుంది.

తొంభై కిలోమీటర్లూ కోపంతోనే తొక్కాను. మొదటి ముప్పై కిలోమీటర్లు ఆ కుర్రాడి మీద, తరవాత రిఫరీ మీద. యాభై దాటాక ఎదురుగాలి మొదలైంది. అప్పుడు మా ఆయన, అత్తగారు, కప్పుల యజమాని వరసగా వచ్చారు, అందరినీ తిట్టాను, పైకే తిట్టాను, రోడ్డు పక్కన నీళ్ళ సీసాలు అందిస్తున్న ఆవిడ ఉలిక్కిపడింది. ఎనభై దగ్గర ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. అక్కడ నా చెయ్యి ఒక్కటే ఉంది. ఎవరూ అడక్కుండా బురదలోకి వంగిన చెయ్యి. నా ఐదు నిమిషాలు ఈ చెయ్యే తినేసింది. పూర్తి చెయ్యలేకపోతే నా సైకిలు పోయేదీ దీనివల్లే.

గుడారంలో ఒక కుర్చీ, ఒక బల్ల, తెల్లజుట్టు పెద్దావిడ, ఆవిడ చేతిలో స్టాప్‌వాచ్. "కూర్చోమ్మా" అంది. కూర్చున్నాను. బల్ల మీద కాగితం గ్లాసులు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టాను.

"చేతులు ఊరికే ఉంచమ్మా. ఇక్కడేదైనా ముట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాలి నేను."

"ఊరికేనా?"

"ఊరికేనే. ఐదు నిమిషాలేగా."

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. వాటినేం చెయ్యాలో తెలియలేదు. మొదటి నిమిషం ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. బయట అందరూ నన్ను దాటి పోతున్నారు, నా సమయం కరిగిపోతోంది, నేను మాత్రం కూర్చుని ఉన్నాను. ఇలా ఊరికే ఎప్పుడు కూర్చున్నానా అని వెతుక్కున్నాను. పురుడు పోసుకున్నప్పుడు కూడా మంచం మీద పిల్ల బట్టలు మడత పెడుతూనే ఉన్నాను. మూడో నిమిషంలో ఒక గ్లాసు గాలికి దొర్లి కింద పడింది. చెయ్యి లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆపాను. గ్లాసు కింద అలాగే పడి ఉంది. కొంపలేం మునగలేదు. నాకు ఏడుపొచ్చింది. అలసటవల్ల కాదు. గ్లాసు కింద పడి ఉన్నా ప్రపంచం నడుస్తుందని నాకు నలభై మూడేళ్ళ వరకూ ఎవరూ చెప్పనందుకు. పెద్దావిడ చూడనట్టు స్టాప్‌వాచ్ వైపు తల తిప్పుకుంది. "అయిపోయింది, లే తల్లీ" అన్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకొక్క నిమిషం ఉంటే బాగుండుననిపించింది.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాధగా ఉంది, అంతే. తొడలు కొయ్యబారిపోయాయి. పధ్నాలుగో కిలోమీటరు దగ్గర ఒక చెట్టుకి ఆనుకుని వాంతి చేసుకున్నాను. గడియారం చూసుకుంటే, ఇక్కణ్ణుంచి ఒక్క అడుగు కూడా నడవడానికి వీల్లేదని లెక్క తేలింది. పరిగెత్తాను. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు, చెవుల్లో గాలి, అవి వదులుకునేది లేదని పళ్ళు బిగించి పరిగెత్తాను. ఎనిమిది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు గీత దాటాను. ఎవరో మెడలో పతకం వేశారు. బయలుదేరిన చోటు అదే, కానీ అక్కడ నిలబడ్డాక మోకాళ్ళు వంగడానికి ఒప్పుకోలేదు.

మా ఆయన నిజంగానే సంతోషపడ్డారు. "సాధించావోయ్!" అని భుజం తట్టి, నాలుగు ఫోటోలు తీసి, అత్తయ్యకు పంపారు. తరవాత, "పద పద, ఐదింటికల్లా గది ఖాళీ చెయ్యాలట. నువ్వొచ్చి సర్దుతావని అన్నీ అలాగే ఉంచా" అన్నారు.

గదిలోకి అడుగుపెట్టాను. అలవాటుగా చెయ్యి ముందు పోయింది. మంచం మీద, నా వైపు, తడి తువ్వాలు. కుర్చీ నిండా చొక్కాలు, కిటికీలో షేవింగ్ సామాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా టోపీ, ఈత అద్దాలు, బూట్లు, పతకం నా సంచిలో పెట్టుకుని జిప్పు వేశాను.

"మరి నావో?" అన్నారాయన.

"పక్కవాళ్ళ వస్తువులు ముట్టుకోకూడదండీ. ఐదు నిమిషాలు శిక్ష వేస్తారు."

ఆయన నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే సంచి భుజాన వేసుకుని, కమ్మీ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటీ దిగి, కారు తలుపు తీసి కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. చీమలు పాకాయి, కాసేపటికి పోయాయి.

పావుగంట గడిచింది. పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఆయన రెండు చేతుల్లోనూ రెండు నీలం తువ్వాళ్ళు పట్టుకుని కిందికి వంగారు.

"ఏమోయ్, వీటిలో మనదేది, హోటలు వాళ్ళదేది?"

ఎడమ చేతి దాని అంచున నా తెల్లదారం ఇక్కణ్ణుంచే మెరుస్తోంది.

"తెలీదండీ" అన్నాను.