మత్తడి మీది బస్తాలు

పాలకుర్తి అవతల మా ఊళ్లో మూడు చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి పోస్తే, అంటే అలుగు దాటితే, నడిమి కుంటకు నీళ్లు, అది పోస్తే తండా కుంటకు. మూడింటికీ కట్ట చూసుకుంటూ నీళ్లు వదిలే నీరటిని నేనే. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడి మూశారు. మాకు బీజగణితం అప్పుడే మొదలైంది. ఊరేగింపుల్లో ముందు నడిచినవాళ్లు తర్వాత కొలువుల్లో కుదురుకున్నారు. నాకు కట్ట మిగిలింది.

ఎనభైల్లో ఒక వానాకాలం, రెండో పంట ఆశతో జగపతి పటేలు పై చెరువు మత్తడి మీద ఇసుక బస్తాలు వేయించాడు. కిందికి నీళ్లు తగ్గాయి. ఆ భయంతో నడిమి కుంటవాళ్లూ వేశారు, వాళ్లను చూసి తండావాళ్లూ వేశారు. తర్వాత ముసురు పట్టి మూడూ అంచుల దాకా నిండాయి. తండా కట్ట కిందే గుడిసెలు.

పటేలు బస్తాలు పీకేద్దామని గడ్డపార అందుకున్నాను. ఆయన తమ్ముడి బిడ్డ శశికళ, హనుమకొండలో లెక్కలు చదివేది, అడ్డం నిలబడింది.

"ఆగు కాకా. పై చెరువు మట్టం ఎక్స్ అనుకో, నడిమిది వై, తండాది జెడ్."

"అనుకోను. గక్కడనే నా బడి బందైంది."

వినలేదు. తడిమట్టి మీద పుల్లతో గీసింది. "జెడ్ పెరిగేది వై నుంచి. వై పెరిగేది ఎక్స్ నుంచి. వై ఉన్నకాడ ఎక్స్‌ను పెట్టి చూడు. తండా కుంట చిన్నది. ఈడ బెత్తెడు దిగితే ఆడ మనిషెత్తు లేస్తది."

"మరెట్ల?"

"కింది నుంచి తీసుకుంట రావాలె. ముందు జెడ్ దిగాలె."

పటేలు మీది కోపంతో నేను లాగే బస్తా తండా గుడిసెల మీద పడేది. ఆ సంగతి గీతల్లో కనబడ్డాక గడ్డపార భుజాన వేసుకొని తండాకు దిగాను.

తండా పెద్ద ధర్మా నవ్వాడు. "పటేలు నింపుకుంటడు, మేం ఖాళీ చేస్కోవాల్నా? రేపు ఆయన తియ్యకుంటే మా నాట్లకు నీళ్లు నువ్వు మోస్తవా, రాజమౌళన్నా?"

"ఆయన తీస్తడని ఎవడన్నడు? తీసేది నేను."

ధర్మా రుమాలు నడుముకు బిగించాడు. తర్వాత మొదటి బస్తా తనే లాగాడు. నీళ్లు వాగులో పడ్డాయి. తండాను చూసి నడిమి కుంటవాళ్లూ తీశారు.

పై మత్తడి దగ్గర పటేలు గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ముట్టినవంటే నీరటి పని పోతదిరా. ఆ పనికిచ్చిన మాన్యం భూమి కూడ పోతది."

"పోనీ పటేలా. జర పక్కకు జరుగు, బురద చిందుతది."

బస్తా లాగాను.

కట్టలు ఏవీ తెగలేదు. నా భూమి మాత్రం పోయింది. మరుసటేడు పటేలు మనుషులు మళ్లీ బస్తాలు మోసుకొచ్చారు. నేను మత్తడి రాళ్ల మీద కూర్చున్నాను. ముందు నన్ను లేపండి అన్నాను. ఇప్పటికీ ప్రతి వానాకాలం కూర్చుంటున్నాను.