తొమ్మిదో నంబరు సాంచా

పొద్దున ఏడింటికి షిఫ్టు మారుతుంది. సూరత్‌లోని వడోద్‌లో ఆ గల్లీ గల్లీ అంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డెక్కుతుంది. సగం మంది పనికి పోతారు, సగం మంది కళ్ళు నలుపుకుంటూ ఇంటికొస్తారు. సోమలింగం ఏ గుంపులో ఉన్నాడో చూడకుండానే చెప్పొచ్చు. ఆయన ఎదలోంచి సాంచా చప్పుడు వస్తుంది. ఖట్, ఖట్, ఖట్. కరెంటు మగ్గాన్ని సిరిసిల్లలోనూ సాంచా అనే అంటారు, సూరత్‌కు వచ్చినా మనవాళ్ళు ఆ మాట మార్చుకోలేదు.

చప్పుడు మొదలై రెండు నెలలైంది. గల్లీలో ఎవరూ దాన్ని వింత అనుకోలేదు. ఇరవయ్యారేళ్ళు సాంచాల నడుమ నిలబడ్డ మనిషి, ఆ మాత్రం వెంట రాదా? కార్ఖానాకు సెలవు రోజున పక్కింటి కనకవ్వ తన పసి మనవరాలిని తెచ్చి ఆయన పక్కన పండబెట్టేది. పుట్టినప్పటి నుంచీ సాంచాల మోతలో పెరిగిన పిల్ల, అది లేకపోతే నిద్రపోదు.

"సోమన్నా, జర ఇటు మర్లి పండుకో. పోరికి సాఫ్ వినొస్తది," అనేది కనకవ్వ.

భార్య పద్మారాణికి కూడా ఆ చప్పుడుతో పేచీ లేదు. అలమరలో పళ్ళాలు ఎగిరితే ఎగిరాయి, కింద గుడ్డ పరిచింది. ఆమె భయమల్లా వంతెన గురించి. ఇంటి నుంచి కార్ఖానాకు పావుగంట నడక, దారిలో నది లేదు, వాగు లేదు. అయినా సోమలింగాన్ని తాపీ నది వంతెన మీద మూడుసార్లు చూశానని ఆమె తమ్ముడు శ్యాంసుందర్ చెప్పాడు. వాడు కోసాడ్ వైపు ఆటో నడుపుతాడు.

"అక్కా, బావ రెయిలింగ్ పట్టుకొని నీళ్ళకే చూస్తుండు. పిలిస్తే పలకలే. చెయ్యి పట్టి ఆటోల ఎక్కించుకొచ్చిన."

రెండు నెలల కింద దేవదాస్ చెప్పులు విడిచిపెట్టి దూకింది ఆ వంతెన మీంచే. సోమలింగం పక్కన తొమ్మిదో నంబరు సాంచా నడిపినవాడు. పద్మారాణికి ఆ మాట విన్నప్పటి నుంచీ అన్నం ముద్ద దిగడం లేదు.

మొగుణ్ణి అడిగితే ఏం చెప్తాడు? "ఏం లేదే. జర గాలికి పోయిన," అంటాడు. అంటూనే లేస్తాడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే గుమ్మం దాకా పోతాడు, గుమ్మం నుంచి మళ్ళీ వస్తాడు. చాయ్ సగం తాగి గ్లాసు ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. ఆ పదడుగుల గదిలో ఆయన వెంట తిరిగి తిరిగి పద్మారాణి మెడలు నొచ్చేవి.

కూతురు రుచిత చీరల దుకాణంలో పని చేస్తుంది, ఫోన్ ముందు నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది. ఫోన్‌లో దొరకనిది లేదని దాని నమ్మకం.

"నానా, మనసు డాక్టర్లు ఫోన్లనే ఉంటరు. పెద్ద దవాఖానల అయితే మంగళవారం ఒక్కటే దినం. లైన్లనే షిఫ్ట్ పోతది. నువ్వు రాలేదని సేఠ్ నీ సాంచాలు ఇంకో కారీగర్‌కు ఇచ్చేస్తడు. ఇదైతే ఇంట్లనే, ఆరామ్‌సే."

పిల్ల మాటలో తప్పేం లేదు. ఫారం నింపడానికి కూర్చుంది. ఒక్కో ప్రశ్న చదువుతుంటే సోమలింగం నిలబడి జవాబు చెప్పాడు.

"ఇతరులకు వినపడని చప్పుళ్ళు మీకు వినపడుతున్నాయా, అని అడుగుతున్నరు నానా."

"లేదని కొట్టు బిడ్డా. గల్లీ మొత్తం ఇంటున్నది గద!"

రుచిత ఒక్క క్షణం ఆలోచించి లేదనే కొట్టింది. మరేం కొడుతుంది? అన్నీ అయ్యాక, కొంచెం ఒత్తిడి ఉంది, కంగారేం లేదు అని ఫోన్ తేల్చేసింది.

ఫోన్‌లో కనిపించిన మేడం చిన్నపిల్ల, మర్యాదస్తురాలు. హిందీలో నెమ్మదిగానే మాట్లాడింది. కానీ సాంచాల కార్ఖానాలో చెవులు ఎప్పుడో చచ్చిపోతాయి. అక్కడ మనుషులు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు, ఇంట్లో కూడా సోమలింగానికి అదే అలవాటు. ఫోన్‌లో మాట ముందొస్తుంది, పెదవి వెనకొస్తుంది. ఆయన రెండింటినీ కలపలేక, అలిసిపోయి, "హా జీ, హా జీ" అంటూ కూర్చున్నాడు. పైగా ఆ ఫోను మహా తెలివైంది, చుట్టూ ఏ రొద ఉన్నా కత్తిరించేసి మాటను మాత్రమే అవతలికి పంపుతుంది.

"మీ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అంది మేడం. ఆయన వెనక పళ్ళాలు గుడ్డ మీద కూడా టకటకమంటున్నాయి.

రెండోసారీ అంతే. మూడోసారి పద్మారాణికి కోపం వచ్చింది. ఫోన్ లాక్కుని వచ్చీ రాని హిందీలో అడిగింది.

"మేడం, ఈయన ఎదల సాంచా నడుస్తున్నది. మీకు వినొస్తలేదా?"

"లేదమ్మా," అంది ఆ పిల్ల.

పద్మారాణి ఫోన్ తీసుకెళ్ళి మొగుడి ఎదకు ఆనించింది. అంతే, అవతలికి ఏమీ పోలేదు, ఫోన్ ఆ చప్పుడుతో పాటు తన మాటను కూడా కత్తిరించేసింది. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని ఈసారి వంతెన సంగతి చెప్పింది. ఏడుస్తూ అంతా చెప్పింది. ఆ పిల్ల పూర్తిగా విన్నది.

"ఆయన్ని ఒంటరిగా వదలకండి. రేపు మంగళవారమే కదా, దవాఖానకు తీసుకెళ్ళండి. నేను చీటీ రాసి పంపిస్తాను. ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలమ్మా ఈయనకు, నాకు ఇక్కడి నుంచి వినపడటం లేదు."

మంచి పిల్ల. తనకు చాతనైంది చేసింది, చాత కానిది దాచుకోలేదు.

మంగళవారం ఆసుపత్రి లైను మెట్ల దాకా ఉంది. సోమలింగం ఐదుసార్లు లేచాడు, ఐదుసార్లు పద్మారాణి చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "షిఫ్ట్ పాయె, సాంచాలు పాయె," అని ఆయన, "పోనీ తియ్, నువ్వుంటే చాలు," అని ఈమె. బెంచీ మీద ముందూ వెనకా జనం ఆ ఖట్‌ఖట్‌కు కునికిపాట్లు పడ్డారు. పేరు పిలిచేసరికి ఒంటిగంట అవుతోంది.

లోపల సుమన అనే కౌన్సెలర్, యాభై ఏళ్ళ మనిషి, పొద్దుటి నుంచీ విని విని కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. పద్మారాణి బయటే ఉండిపోయింది. సోమలింగం కూర్చోగానే బల్ల మీద స్టీలు గ్లాసు వణికింది, నీళ్ళు చింది కాగితం తడిసింది. సుమన గ్లాసు జరపలేదు. దాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఆమె తొందరపడలేదు. ఆయన కళ్ళు తన పెదవుల మీదే ఉన్నాయని గమనించి, ఒక్కో మాటా విడదీసి హిందీలో అడిగింది.

"నాలుగో దెబ్బ తప్పుతోంది. ఎందుకు?"

సోమలింగం కుర్చీలో కూలబడ్డాడు. రెండు నెలల నుంచి గల్లీ మొత్తం వింటున్నదే, ఒక్కరంటే ఒక్కరు లెక్కపెట్టలేదు.

"అది నా సాంచా కాదు. తొమ్మిదో నంబరు. దేవదాస్‌ది. దానికి నాలుగో దెబ్బ పడదు."

గ్లాసు వణుకుతూనే ఉంది.

"ఆ రోజు వాడు నా ముంగట నిలవడి, అన్నా, జర కూసుందమా అన్నడు. నా పన్నెండింట్ల నాలుగు సాంచాల మీద పోగులు తెగినయి. నేను తల దించుకొని ముళ్ళు వేసుకుంట ఉన్న. పోలీసులకు, వాని పెండ్లానికి, నా ఇంటిదానికి, అందరికీ ఒకటే చెప్పిన, సప్పుడుల నాకు వినపడలేదని. అందరూ నమ్మిన్రు." హిందీ ఎప్పుడో పోయి తెలుగు వచ్చేసింది, ఆయనకు తెలియదు. "వినపడలే, నిజమే. కానీ నేను చూసిన మేడం. వాని పెదవులు చూసిన. ఒక్కో మాటా చూసిన."

సుమనకు తెలుగు రాదు. ఆ ముఖం చూస్తే తెలుగు రావలసిన అవసరం లేదు. నీ తప్పు కాదని అనలేదామె. కుర్చీ లాక్కుని దగ్గరికి వచ్చి, గొంతు బయటికి రాకుండా, పెదవులతో మాత్రమే చెప్పింది. కూర్చో. టైముంది.

ఆయన ఆ పెదవులను చదువుకున్నాడు.

సాంచా ఆగిపోయింది.

బయట బెంచీ మీద కునుకుతున్నవాళ్ళంతా ఒక్కసారి ఉలిక్కిపడి లేచారు. పద్మారాణి, మొగుడి గుండే ఆగిందనుకుని తలుపు తోసుకుని లోపలికి ఉరికింది. చూస్తే ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అంత సంతోషం ఆమెకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ఆదివారం నాటికి మళ్ళీ సన్నగా మొదలైంది, మంగళవారం పోయి కూర్చుంటే ఆగింది. వంతెన వైపు మాత్రం మళ్ళీ పోలేదు. సేఠ్ గొణుక్కుంటూనే మంగళవారానికి బదిలీ మనిషిని పెట్టుకున్నాడు. నిద్ర చెడిన మనవరాలిని ఎత్తుకుని కనకవ్వ వారంపాటు సణిగింది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం. తొమ్మిదో నంబరు మీద ఇప్పుడు రఘుపతి ఉన్నాడు, కరీంనగర్ దిక్కు మనిషి, ఎవరితో కలవడు. మూడు రోజులుగా డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకుపోతున్నాడు. సాంచా పక్క నుంచి తల ఎత్తి సోమలింగం వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఏదో అనబోయి, ఏం లేదన్నా, అని మళ్ళీ తల దించుకున్నాడు.

సోమలింగం తన పన్నెండు సాంచాలనూ ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్ళాడు. తొమ్మిదోదాన్ని కూడా ఆపి, రఘుపతి భుజం పట్టి దారపు మూటల మీద కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. గుమ్మంలోంచి సేఠ్ చేతులూపుతూ అరుస్తున్నాడు. సోమలింగం అటు తిరగలేదు. ఆయనకు వినపడలేదు, ఈసారి నిజంగానే.