గుడ్డ గోడలు

బడికి సెలవు. పరాయి దేశంలో, సత్వా పేటలోని గదిలో ఏడేళ్ళ కూతురు అనమ్‌ను ఎవరికి అప్పజెప్పాలో తోచక, రహీమాబీ తను తుడిచే ఆఫీసుకే వెంటబెట్టుకు వచ్చింది. అక్కడి సుభాషిణి మేడం ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి. ఈ మధ్య పిల్లల కోసం చెక్కతో కట్టుడు బొమ్మలు కూడా చేయిస్తోంది. పలకలు, దూలాలు, ఒకదాని గాడిలో ఒకటి ఇరికిస్తే నిలబడతాయి. వచ్చిన పిల్లలందరిచేతా కట్టించి, ఫోటో తీసి ఫోన్లో నలుగురికీ పంపుతుంది.

ఒక పెట్టె అనమ్ ముందు పెట్టి, "మీ ఇల్లు కట్టి చూపించు పాపా" అంది.

"ఒక్క ముక్క పోయినా మన మెడకే చుట్టుకుంటాది. నోట్లో పెట్టుకోబాకు" అని కూతురి చెవిలో చెప్పి రహీమాబీ బకెట్ ఎత్తుకుంది.

గంటకు తిరిగొచ్చి చూస్తే, అనమ్ గోడలే కట్టలేదు. పలకలన్నీ మంచాల్లా అంతస్తులుగా పేర్చి, వాటి మధ్య తుడుపుగుడ్డ చించి వేలాడదీసింది. అచ్చం వాళ్ళ గదే. ఒకే గదిలో పరదాలు కట్టుకుని నాలుగు సంసారాలు. అట్లా ఉండకూడదని మునిసిపాలిటీ వాళ్ళ తనిఖీలు జరుగుతున్నాయి. పోయిన వారమే పక్క బిల్డింగ్ వాళ్ళ సామాన్లు వీధిలో పడ్డాయి. ఈ ఫోటో ఎవరి కంటైనా పడితే ఖలాస్.

ఆమె గుడ్డ లాగేసేలోపే మేడం వచ్చి కింద కూర్చుంది.

"ఈ మంచం ఎవరిది?"

"ఫైజా వాళ్ళది. వాళ్ళ నాయన పగలు నిద్రపోతాడు. మేం అరవకూడదు."

"అరిస్తే?"

"పరదా కిందనుంచి చెప్పు వస్తాది."

మేడం నవ్వుతూ ఫోన్ ఎత్తింది. ఎత్తి, రహీమాబీ ముఖం చూసింది. మళ్ళీ ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

"దీన్ని విప్పేద్దామా పాపా? ఎట్లా కట్టావో నాకు గుర్తుంటుందిలే" అంది. తర్వాత రహీమాబీ వైపు తిరిగి, "ఇన్నేళ్ళుగా గోడలే గీస్తున్నా. గుడ్డ సంగతి నాకు తట్టనే లేదు. ఒక్కో పెట్టెకు నాలుగు చిన్న పరదాలు కుట్టి ఇస్తావా?" అని అడిగింది.

ఎక్కడుంటారు, ఎందరుంటారు అని ఒక్క మాటైనా అడగలేదు.

సాయంత్రం బస్సులో, పరదాల కొలతకని మేడం ఇచ్చిన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, రహీమాబీ ఆమె పేరున దువా చేసింది. చేస్తూనే మూత తీసి, ముక్కలు మరోసారి లెక్కపెట్టుకుంది.